వెనక మూత మీది నంబరు దేనికి సాక్ష్యం? 1969 బంగారు స్పీడ్‌మాస్టర్ అసలుతనం పరీక్ష: కేస్ స్టడీ

పరీక్షకు వచ్చిన వాచీ స్విస్ కంపెనీ ఒమేగా చేసిన, స్టాప్‌వాచ్ కూడా ఉన్న స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్, రిఫరెన్స్ (మోడల్ నంబరు) బీఏ145.022-69. 18 క్యారెట్ల పసుపు బంగారు కేస్, బంగారు డయల్, బంగారు చైను. వెనక మూత మీద అపోలో 11 స్మారక వాక్యం, దాంతోపాటు మూడంకెల నంబరు. అమ్మేవారి మాట ఇది: “అన్నీ ఒరిజినల్ భాగాలే. ఒక్కసారే సర్వీసు అయింది. పాలిష్ పడలేదు. డబ్బా ఉంది, కాగితాలు లేవు.” కొనాలనుకున్నవారి ప్రశ్న ఇంకా చిన్నది: “నంబరు ఉంది కదా, ఇక అనుమానం ఎందుకు?”

ఈ రిపోర్టు అంతా ఆ ప్రశ్నకు జవాబే. వెనక మూత మరతో బిగించే భాగం, అర నిమిషంలో ఊడి వస్తుంది. దాని మీది నంబరు ఆ మూత గురించి మాత్రమే చెబుతుంది. లోపల తిరుగుతున్న మిషను గురించి, ముందున్న డయల్ గురించి, బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) గురించి ఏమీ చెప్పదు. ఒక్కో భాగాన్నీ విడిగా విచారించి, అన్నీ ఒకే కాలానికి చెందినవని తేలాకే “ఒరిజినల్” అన్న మాట వాడాలి. ఈ రిఫరెన్స్‌లో తరచూ కలిసి కనిపించే లోపాలను ఒకే వాచీగా కూర్చి రాసిన నమూనా కేసు ఇది. నిజంగా ఉన్న ఏ ఒక్క నంబరునూ ఉద్దేశించి రాసింది కాదు.

ఈ వాచీ పుట్టుక

1969 జులై 21న చంద్రుడి మీద నడిచినప్పుడు బజ్ ఆల్డ్రిన్ ముంజేతికి స్పీడ్‌మాస్టర్ ఉంది. నౌకలోని గడియారం పని చేయకపోవడంతో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని దానికి బదులుగా లోపలే వదిలి దిగాడు. ఆ ఘనతకు గుర్తుగా ఒమేగా బంగారు స్పీడ్‌మాస్టర్ చేయించి, 1969 నవంబరు 25న హ్యూస్టన్‌లో జరిగిన విందులో వ్యోమగాములకు బహూకరించింది. మొత్తం తయారైనవి 1,014. ఉత్పత్తి 1973 వరకు సాగింది. 1వ నంబరు అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు, 2వది ఉపాధ్యక్షుడు ఆగ్న్యూకు ఉద్దేశించినవి. అంత ఖరీదైన కానుక తీసుకోకూడదని ఇద్దరూ తిరస్కరించారు. 3 నుంచి 28 వరకు వ్యోమగాములవి. 33 నుంచి 1,000 వరకు బయట అమ్మకానికి వెళ్లాయి.

ఈ లెక్క తెలిస్తే మొదటి వడపోత ఇక్కడే అయిపోతుంది. వ్యోమగాములకు ఇచ్చిన వాచీల మీద చెక్కిన వాక్యం వేరు, అంగడిలో అమ్మిన వాటి మీది వాక్యం వేరు. “చంద్రుడి మీద ధరించిన మొదటి వాచీ” అనే అమ్మకపు వాక్యం ఉండి, నంబరు 28 లోపు ఉంటే అక్కడే ఆగిపోవాలి. మన కేసులో మూడంకెల నంబరుకు అమ్మకపు వాక్యమే ఉంది. అంతవరకు పొంతన కుదిరింది.

ఇంకో విషయం. చంద్రుడి మీదికి వెళ్లిన ఉక్కు వాచీలో ఉన్నది 321 మిషను. ఈ బంగారు వాచీలో వేసింది దాని తర్వాత వచ్చిన 861. “నాసా మిషను” అని చెప్పి ఇందులో 321 చూపించేవారు ఎదురైతే, వాచీ గొప్పదని మురిసిపోకండి. అది మార్చిన మిషను.

పనిముట్లు

10 రెట్లు, 20 రెట్లు పెంచి చూపే లూప్‌లు రెండు. కంప్యూటర్‌కు తగిలించే మైక్రోస్కోపు ఒకటి, 40 రెట్లు చాలు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి. 0.01 మి.మీ. వరకు చదివే డిజిటల్ కాలిపర్. మిషను కొట్టుకునే చప్పుడు విని నడకను కొలిచే యంత్రం, టైమ్‌గ్రాఫర్. వెనక మూత అంచు గాట్లలో సరిగ్గా కూర్చునే ఓపెనర్. పక్క నుంచి ఏటవాలుగా వేసుకోగలిగే చిన్న దీపం. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, డయల్ బండారం ఎక్కువసార్లు బయటపెట్టేది అదే. ఎదురు వెలుతురులో చక్కగా కనిపించే రీడయల్ (అక్షరాలు, రంగు తిరిగి వేసిన డయల్) ఏటవాలు వెలుతురులో దొరికిపోతుంది.

ఒక హెచ్చరిక: బంగారం నాణ్యత చూడాలని గీటురాయి మీద గీయడం, ఆమ్లం చుక్క వేయడం వద్దే వద్దు. నగకు చెల్లే పద్ధతి ఇక్కడ చెల్లదు. కేస్ అంచు మీద పడ్డ ఆ గీత పోవాలంటే పాలిష్ పట్టాలి, పాలిష్ పడితే అంచు పోతుంది. తెలుగు రాష్ట్రాల్లో నగలకు హాల్‌మార్క్ వేసే కేంద్రాల్లో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రాలు ఉంటాయి. మనకు అలవాటైన 916 నగలను చూసే అదే యంత్రం 750 బంగారాన్నీ గీత పడకుండా కొలుస్తుంది. అయితే అది చూసేది పైపొరనే. మందంగా పూత పూసిన వస్తువు దాన్ని మోసం చేయగలదు కాబట్టి కేస్ బయట ఒకచోట, వెనక మూత లోపలి వైపు ఒకచోట, చైను కొక్కెం లోపల ఒకచోట, కనీసం మూడు చోట్ల కొలిపించాలి.

కేస్, వెనక మూత

కొలతలతో మొదలుపెట్టాలి. కేస్ వ్యాసం 42 మి.మీ., కాళ్ల (చైను తగిలించే కేస్ కొమ్ముల) మధ్య చైను పట్టే వెడల్పు 20 మి.మీ. ఇవి ఎటూ సరిపోతాయి. చూడాల్సింది కాళ్ల రూపం. స్పీడ్‌మాస్టర్ కాళ్లు మెలి తిరిగినట్టు వంపుతో దిగుతాయి. పైన అద్దంలా మెరిసే వాలు తలం, పక్కన గీతల ముగింపు ఉన్న తలం, రెండూ కలిసేచోట కత్తి అంచులాంటి గీత. కారఖానా నుంచి వచ్చినప్పుడు ఆ గీత కాలి కొస వరకు ఒకే వెడల్పుతో సాఫీగా సాగుతుంది. బంగారం మెత్తని లోహం. ఒక్కసారి చక్రం మీద పాలిష్ పెట్టినా ఆ గీత మొదట మొద్దుబారుతుంది, రెండోసారికి కొస దగ్గర మాయమవుతుంది.

ఈ వాచీలో ఎడమవైపు రెండు కాళ్లకూ గీత నిలిచి ఉంది. కుడివైపు, అంటే స్టాప్‌వాచ్ బటన్ల వైపు, కింది కాలి కొసలో సుమారు 3 మి.మీ. మేర కరిగిపోయింది. పక్క తలం మీది గీతలు కేస్ పొడవునా సమాంతరంగా పోవాల్సింది, అక్కడక్కడా వంకరగా వెళ్లాయి. చేత్తో తిరిగి వేసిన గీతలవి. “పాలిష్ పడలేదు” అన్న మాట నిజం కాదని ఇక్కడే తేలింది. పడింది తేలికపాటి పాలిష్ ఒకసారి, అదీ ఒక వైపే ఎక్కువ. 50 ఏళ్లు దాటిన బంగారు వాచీకి ఇది క్షమించదగ్గ స్థితే. ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది అమ్మేవారి మాట తప్పడం. ఒక మాట తప్పితే మిగతా మాటల విలువ తగ్గుతుంది.

ఇక మూత. చెక్కిన అక్షరాలనూ నంబరునూ విడివిడిగా చూడాలి. వాక్యం ముందే చెక్కి ఉంచి, నంబరును తర్వాత చెక్కే అవకాశం ఉంటుంది కాబట్టి రెండింటి పనితనంలో చిన్న తేడా సహజం. సహజం కానిది అరుగుదలలో తేడా. వాక్యంలోని అక్షరాల అంచులు చేతి చర్మానికీ పాలిష్‌కూ గుండ్రబడి, నంబరు అంచులు మాత్రం పదునుగా ఉంటే, నంబరు తర్వాతెప్పుడో వేసినదే. 40 రెట్ల కింద చెక్కిన గాడి అడుగు చూడండి. పాత గాడిలో చెమట, సబ్బు, నూనె కలిసి గట్టిపడ్డ మడ్డి మూలల్లో ఉంటుంది. కొత్త గాడి శుభ్రంగా మెరుస్తుంది, అంచున చెక్కుడు పనిముట్టు లేపిన సన్నని బొచ్చు కూడా కనిపిస్తుంది. పాత నంబరు చెరిపి కొత్తది వేసిన చోట లోహం కొంచెం పల్లమవుతుంది. ఆ చోటికి అడ్డంగా దీపం వేస్తే ప్రతిబింబం వంగుతుంది.

ఇక్కడ వాక్యం, నంబరు సమానంగా అరిగాయి, గాడి అడుగున మడ్డి ఒకేలా ఉంది. మూత లోపల రిఫరెన్స్ ముద్ర, 0.750 గుర్తు, 18 క్యారెట్లకు స్విట్జర్లాండ్ 1995 వరకు వాడిన హెల్వేషియా స్త్రీ తల ముద్ర ఉన్నాయి. ఆ తల ముద్ర బదులు కుక్క తల కనిపించి ఉంటే అది 1995 తర్వాతి ముద్ర అని అర్థం, 1969 మూతకు అది చెల్లదు. మర రెండు చుట్లు సాఫీగా తిరిగి, చివర ఖాళీ లేకుండా కూర్చుంది. ఎక్స్‌రే యంత్రం కేస్‌కూ మూతకూ బంగారం, వెండి, రాగి పాళ్లు దాదాపు ఒకేలా చూపింది. చైనులో రాగి కాస్త వేరుగా వచ్చింది. చైను విడిగా తయారయ్యే వస్తువు కాబట్టి దాన్ని లోపంగా రాసుకోలేదు.

తీర్పు: కేస్, మూత అసలువి. ఒకదానికొకటి చెందినవని అనుకోవడానికి మంచి ఆధారం ఉంది.

డయల్

సాధారణ స్పీడ్‌మాస్టర్ డయల్ నల్లని రంగు పూసిన రేకు. ఇది 18 క్యారెట్ల గట్టి బంగారం. 6 అంకె దగ్గర “స్విస్ మేడ్” అక్షరాలకు ఇరువైపులా కనిపించే “ఓఎం” గుర్తు చెప్పేది అదే: ఓర్ మాసిఫ్, అంటే ఫ్రెంచిలో గట్టి బంగారం. ఈ గుర్తు లేని బంగారు రంగు డయల్‌ను ఈ రిఫరెన్స్‌కు ఒప్పుకోకూడదు.

గంట గుర్తుల్లో నల్లగా కనిపించేది రంగు కాదు, ఓనిక్స్ రాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే. రాయి ఊడిపోయిన గుర్తులో నల్ల రంగు నింపి ఇచ్చేవారున్నారు, దూరం నుంచి తేడా తెలియదు. ఏటవాలు దీపం కింద రాయి పైతలం చదునుగా ఉండి వెలుగును ఒక్కసారిగా పలకలా తిప్పికొడుతుంది. రంగు మధ్యలో ఉబ్బి అంచుల్లో జారి, నీటి బొట్టులా వెలుగును ఒక చుక్కగా చూపుతుంది. రాయి దెబ్బ తింటే పెచ్చు లేస్తుంది, రంగు దెబ్బ తింటే గీరుకుపోతుంది. పన్నెండు గుర్తులనూ ఒక్కొక్కటిగా చూడాలి. ఎందుకంటే ఊడేది ఒకటో రెండో, అన్నీ కాదు.

ఈ డయల్‌లో రాళ్లన్నీ ఉన్నాయి. 4 అంకె దగ్గరి రాయి మూల వెంట్రుకవాసి పెచ్చు లేచింది, అక్కడ రంగు నింపలేదు. ఇది మంచి లక్షణం. దాచాలనుకున్నవారు ముందుగా దాచేది ఇలాంటి మూలనే.

ముద్రించిన అక్షరాలకు వస్తే, అసలు ముద్ర మెత్తని దిండుతో అద్దిన సిరా. అంచు తెగినట్టు శుభ్రంగా ఉంటుంది, సిరాకు కొద్దిపాటి మందం ఉంటుంది. తిరిగి వేసిన ముద్రలో అక్షరాల మూలలు నిండిపోతాయి, చిన్న డయళ్ల గీతలు మధ్యబిందువు నుంచి సరిగ్గా బయలుదేరవు. మన దేశంలో ముంబై నుంచి వచ్చే రీడయల్ వాచీలు కొని నష్టపోయినవారికి ఈ కన్ను ఇప్పటికే ఉండాలి. హెచ్‌ఎంటీ, సీకో డయల్ మీద చూసిన అవే తప్పులు, అంటే ఉబ్బిన అక్షరం, అసమానమైన ఎడం, డయల్ అంచు దాటిన నిమిషాల గీత, ఇక్కడా పట్టిస్తాయి. తేడా ఒకటే, ఇక్కడ పనివాడు మరింత నేర్పరి.

అతినీలలోహిత వెలుతురులో ఈ డయల్ మీద ఏమీ మెరవకూడదు. ఇందులో చీకట్లో వెలిగే పదార్థం లేదు. ఎక్కడైనా నీలంగా, పచ్చగా మెరిస్తే అది జిగురో, కొత్త లక్కో. ఈ కేసులో 9 అంకె చిన్న డయల్ దగ్గర ఒక దారపు పోగు మెరిసింది. గాలి ఊదితే ఎగిరిపోయింది, ధూళే. కాబట్టి మెరిసిన ప్రతిదాన్నీ నేరంగా రాసేయకండి.

డయల్ మీద రెండు చోట్ల గోధుమ రంగు మచ్చలున్నాయి. 18 క్యారెట్లలో నాలుగో వంతు వెండి, రాగి. పై లక్క పొర చిట్లిన చోట గాలి తగిలి ఆ లోహాలు నల్లబడతాయి. ఇది వయసు, మోసం కాదు. దీన్ని “శుభ్రం చేయిద్దాం” అనే ఆలోచన రానివ్వకండి. లక్క తీస్తే అక్షరాలు దానితోపాటే పోతాయి, ఆ తర్వాత మిగిలేది రీడయల్.

తీర్పు: డయల్ అసలుది, ఎవరూ చేయి పెట్టనిది. ఈ వాచీలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

బెజెల్, ముళ్లు, అద్దం

బెజెల్‌లో బంగారు వలయం, అందులో కూర్చిన వైన్ రంగు అల్యూమినియం చక్రం ఉంటాయి. ఆ రోజుల నాటి చక్రం మీద వేగాన్ని చూపే అంకెల్లో 90కి చుక్క సరిగ్గా పైన ఉంటుంది, 70 దగ్గరి చుక్క ఏటవాలుగా ఉంటుంది. తర్వాతి చక్రాల్లో 90 చుక్క పక్కకు జరిగింది. సేకర్తలు ఈ చిన్న చుక్కకు ఇంత విలువ ఎందుకిస్తారని కొత్తవారికి ఆశ్చర్యం వేస్తుంది. కారణం ఇది: సర్వీసుకు వెళ్లినప్పుడు ముందుగా మార్చేసేవి గీతలు పడ్డ బెజెల్, అద్దం, ముళ్లు. అందుకే పాత చుక్క ఉన్న చక్రాలు తగ్గిపోయాయి.

మన వాచీలో చుక్క 90 పక్కన ఉంది. రంగు చక్రం అంతటా ఒకే గాఢత. అనోడైజ్ చేసిన వైన్ రంగు దశాబ్దాల ఎండకు గోధుమకో, ఊదాకో, గులాబీకో తిరుగుతుంది, అదీ సమానంగా కాదు. డయల్ మీద లక్క చిట్లేంత వయసు కనిపిస్తూ, దాన్ని చుట్టిన చక్రం నిన్న రంగేసినట్టు ఉండటం పొసగదు. చక్రం తర్వాత వేసినది. కంపెనీ సర్వీసు భాగమా, బయటి తయారీయా అన్నది ఊడదీసి వెనకవైపు చూస్తే తప్ప తేలదు. చాకుతో లేపితే బంగారు వలయానికి గాటు పడుతుంది కనుక ఆ పని చేయలేదు. రిపోర్టులో “తర్వాతి చక్రం” అని రాస్తే చాలు.

ముళ్లలో గంట, నిమిషాల ముళ్లు సరైనవి. చిన్న డయళ్ల ముళ్లు కూడా. మధ్యలోని స్టాప్ సెకన్ల ముల్లు మీద అనుమానం వచ్చింది. నడుము దగ్గర నల్ల రంగు సన్నగా చిట్లింది, రంగు మందం కొస దగ్గర కన్నా అక్కడ ఎక్కువ. జీరో బటన్ నొక్కి చూస్తే ముల్లు 12కి కాకుండా సుమారు అర సెకను ముందు ఆగింది. మళ్లీ నడిపి నొక్కితే ఈసారి మరోచోట. ముల్లును సున్నాకు తెచ్చే హృదయాకారపు క్యామ్, దాన్ని కొట్టే సుత్తి సరిగ్గా ఉన్నప్పుడు ముల్లు ఎప్పుడూ ఒకేచోటికి రావాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందంటే ముల్లు రంధ్రం వదులై ఇరుసు మీద జారుతోంది. ముల్లును చాలాసార్లు పీకి దిగ్గొట్టినప్పుడు ఇలా అవుతుంది. తీసి చూస్తే గొట్టం అడుగున తెల్లని రంగు బయటపడింది: ఉక్కు స్పీడ్‌మాస్టర్ తెల్ల ముల్లుకు నల్ల రంగు వేశారు. పనితీరులో తేడా అసలుతనంలోని తేడాను పట్టిచ్చింది. అందుకే బటన్లు నొక్కి చూడకుండా, ఫొటోలు చూసి అసలుతనం తేల్చే పద్ధతి మీద నమ్మకం పెట్టుకోకూడదు.

అద్దం హెసలైట్, అంటే యాక్రిలిక్. లోపలివైపు సరిగ్గా మధ్యలో సూది మొనంత ఒమేగా గుర్తు ఉండాలి, ఉంది. అది ఎప్పుడైనా మార్చే భాగం, తీర్పులో దానికి బరువు తక్కువ.

మిషను

ఈ కేసు అసలు మలుపు ఇక్కడ. 861 మిషను 17 రాళ్లది, కీ ఇచ్చి నడిపేది, గంటకు 21,600 కొట్లు, అంటే సెకనుకు 6. స్టాప్‌వాచ్‌ను నడిపే, ఆపే పనిని పాత 321లో స్తంభచక్రం చేసేది, 861లో క్యామ్ చేస్తుంది. స్టాప్ సెకన్ల చక్రాన్ని నిలిపే బ్రేకు పాత 861ల్లో లోహంతో ఉండేది. 1970ల మధ్యలో దాని స్థానంలో డెల్రిన్ అనే తెల్లని ప్లాస్టిక్ బ్రేకు వచ్చింది.

మూత తీయగానే మొదట కనిపించింది ఆ తెల్లని బ్రేకే.

ఒక్క దాన్నే చూసి తీర్పు చెప్పకూడదు. సర్వీసులో పాత లోహపు బ్రేకు అరిగిందని కొత్తది వేసి ఉండవచ్చు. అందుకే రెండో సాక్ష్యం, వంతెన (మిషను చక్రాలను పట్టి ఉంచే లోహపు పలక) మీది మిషను నంబరు చూడాలి. 1969 ప్రాంతపు ఒమేగా నంబర్లు 8 అంకెలతో, సాధారణంగా 28 నుంచి 32 వరకు ఉన్న అంకెలతో మొదలవుతాయి. ఈ మిషను నంబరు 39తో మొదలైంది. అది 1970ల రెండో భాగపు నంబరు. బీఏ145.022 ఉత్పత్తి 1973లోనే ఆగిపోయింది. వాచీ తయారీ ఆగిపోయిన తర్వాత పుట్టిన మిషను ఆ వాచీతో పుట్టినది కాలేదు. ఇక వాదన లేదు.

ఇంత తేలిగ్గా ఎలా మారుతుంది? ఇదే 861 మిషను ఉక్కు 145.022లోనూ ఉంది. కొలత ఒకటే, స్థానం ఒకటే, ఏ మార్పూ చేయకుండా కూర్చుంటుంది. బంగారు వాచీ తడిసి మిషను తుప్పు పట్టిందనుకోండి. దాన్ని బాగు చేయడం కన్నా ఉక్కు వాచీ మిషను తెచ్చి వేయడం పనివాడికి సుళువు. మోసం చేయాలన్న ఉద్దేశం లేకుండానే ఇలా జరగవచ్చు. సర్వీసులో మిషను మొత్తం మార్చి ఉండవచ్చు కూడా. కారణం ఏదైనా ఫలితం ఒకటే: మిషను ఈ వాచీది కాదు.

మరలు కూడా ఆ మాటే చెప్పాయి. కేస్‌కు మిషనును పట్టి ఉంచే మరల తలల మీది గాడులు స్క్రూడ్రైవర్ జారి చిందరవందరగా ఉన్నాయి, మిషను వంతెనల మరలు శుభ్రంగా ఉన్నాయి. అంటే మిషనును విప్పి సర్వీసు చేసినవారు జాగ్రత్తపరులు, దాన్ని ఈ కేస్‌లో బిగించినవారు వేరు. బ్యాలెన్స్ వంతెన మీద అమెరికా దిగుమతికి వేసే “ఓఎక్స్‌జీ” గుర్తు లేదు. ఒకవేళ ఉండి, కాగితాల్లో వేరే దేశం పేరు ఉంటే అది ఇంకో ప్రశ్న అయ్యేది.

టైమ్‌గ్రాఫర్‌ను 50 డిగ్రీల లిఫ్ట్ కోణానికి (మిషను రకాన్ని బట్టి యంత్రంలో పెట్టే కొలత), 21,600 కొట్లకు పెట్టి చూస్తే, నిండుగా కీ ఇచ్చాక డయల్ పైకి ఉంచినప్పుడు బ్యాలెన్స్ చక్రం ఊపు 280 డిగ్రీలు దాటింది. స్టాప్‌వాచ్ నడిపితే 30 డిగ్రీలదాకా తగ్గింది. ఇది ఆరోగ్యకరమే, ఎందుకంటే స్టాప్‌వాచ్‌ను మిషనుకు జత చేసే క్లచ్ కలిసినప్పుడు బ్యాలెన్స్ మీద అదనపు భారం పడుతుంది. స్టాప్‌వాచ్ పెట్టినా ఊపు ఏమాత్రం తగ్గకపోతే క్లచ్ సరిగ్గా కలవడం లేదేమో చూడాలి. 50 డిగ్రీలకు మించి పడిపోతే పళ్లు మరీ లోతుగా కలుస్తున్నాయి.

12 గంటల చిన్న ముల్లును అరగంటసేపు స్టాప్‌వాచ్ ఆపి ఉంచి గమనించాలి. అది స్ప్రింగ్ డబ్బా నుంచి నేరుగా శక్తి తీసుకుంటుంది, ఆపే మీట అరిగితే స్టాప్‌వాచ్ నిలిచి ఉన్నా మెల్లగా పాకుతుంది. ఐదు నిమిషాలు చూసి బాగుంది అనేవారు ఈ లోపాన్ని ఎప్పుడూ పట్టుకోలేరు. ఈ వాచీలో పాకలేదు.

అంటే మిషను బాగా పనిచేస్తోంది. పనిచేయడం వేరు, అసలుది కావడం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవారి దగ్గర కొనకండి.

కాగితాలు, వాటి హద్దు

ఒమేగా పాత రికార్డుల నుంచి ఇచ్చిన పత్రంలో మిషను నంబరును బట్టి రిఫరెన్స్, తయారీ తేదీ, పంపిన దేశం ఉంటాయి. ఇలాంటి పత్రం చూపితే మూడు పొంతనలు వెతకాలి. పత్రంలోని నంబరు, మిషను మీది నంబరు ఒకటేనా? పత్రంలో రాసింది బంగారు బీఏ రిఫరెన్సేనా, ఉక్కుదా? పత్రాన్ని వాచీని చూసి ఇచ్చారా, లేక నంబరు చెబితే ఇచ్చారా? చివరి ప్రశ్నను చాలామంది అడగరు. నంబరు చెప్పి తెచ్చుకున్న పత్రం రికార్డు ఉందని మాత్రమే చెబుతుంది, మీ చేతిలో ఉన్నది ఆ వాచీయేనని చెప్పదు.

పత్రం, పేరు, వేలం, అన్నీ ఉన్నా ఏమవుతుందో స్పీడ్‌మాస్టర్ చరిత్రే చూపించింది. 2021 నవంబరులో జెనీవా వేలంలో పాత స్పీడ్‌మాస్టర్ 2915-1 ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది వేర్వేరు వాచీల భాగాలు చేర్చి కూర్చినదని 2023లో బయటపడింది. తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని ఒమేగాయే చెప్పింది. అక్కడ కూడా భాగాలు చాలావరకు మంచివే. వాటిని ఒకే వాచీగా చూపడమే అబద్ధం.

తీర్పు, తర్వాత చేయవలసినవి

రిపోర్టులో ప్రతి భాగానికీ నాలుగు మాటల్లో ఒకటి రాయాలి: అసలుది, సర్వీసు భాగం, వేరే వాచీ భాగం, నకిలీ. మధ్యస్థంగా “బాగుంది” అనే మాట రాయకూడదు. ఈ కేసులో కేస్, వెనక మూత, డయల్, గంట నిమిషాల ముళ్లు, చిన్న ముళ్లు అసలువి. కేస్‌కు తేలికపాటి పాలిష్ పడింది. అద్దం సర్వీసు భాగమే కావచ్చు. బెజెల్ చక్రం తర్వాతిది, సర్వీసు భాగమో నకిలీయో తేలలేదు. స్టాప్ సెకన్ల ముల్లు వేరే వాచీది, దానికి రంగు వేశారు. మిషను వేరే వాచీది. చైను కాలానికి సరిపోతుంది. పక్కకు పట్టుకుని చూస్తే లింకులు కొద్దిగా కిందికి వాలుతున్నాయి, అంటే బాగా ధరించినదే. నకిలీ అని తేలిన భాగం ఒక్కటీ లేదు.

కాబట్టి “అన్నీ ఒరిజినల్” అన్న మాట తప్పు. భాగాలన్నీ ఒమేగావే అన్నది దాదాపు నిజం. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే ధరలో రావాలి. ముల్లు, బెజెల్ చక్రం వెతికి సరిచేయగలిగినవి, వాటికి అయ్యే ఖర్చు తగ్గిస్తే చాలు. మిషను అలా కాదు. అదే కాలపు 861 తెచ్చి వేసినా అది మరో వాచీ మిషనే, ఈ వాచీ పుట్టుకతో వచ్చిన జత తిరిగి రాదు. అందుకని మిషనును “కాలానికి సరిపోయేదానితో” మార్చడాన్ని ఇక్కడ సిఫారసు చేయలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసి, ఆ నంబరుతో సహా రికార్డులో ఉంచడమే నిజాయతీ. కొనేవారికి డయల్, కేస్ కోసం ఈ వాచీ కావాలంటే కొనుక్కోవచ్చు. పూర్తి జత కావాలంటే వదిలేయాలి.

కొన్నాక సర్వీసుకు ఇచ్చేటప్పుడు నోటిమాట సరిపోదు, కాగితం మీద రాసి ఇవ్వండి: పాలిష్ వద్దు. డయల్ తీస్తే విడి డబ్బాలో పెట్టాలి, తుడవకూడదు. తీసిన ప్రతి భాగమూ, పనికిరాని మర అయినా సరే, సంచిలో వేసి తిరిగి ఇవ్వాలి. నీటి ఒత్తిడి పరీక్ష వద్దు. పనికి ముందు, తర్వాత మిషను నంబరు కనిపించేలా ఒకే కోణంలో ఫొటోలు తీయాలి.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో ఇలాంటి వాచీ తెచ్చుకునేవారు బిల్లు, పరీక్ష రిపోర్టు వెంట పెట్టుకుని కస్టమ్స్‌కు చెప్పి రావాలి. బంగారు వాచీ చేతికి పెట్టుకుని నడిచి వచ్చేయవచ్చన్న సలహా వినకండి. ఇంట్లో దాచడం మరో పని: విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు గాలిలో డయల్ మీది ఆ రెండు మచ్చలు నాలుగవుతాయి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టి, అవి తేమ పీల్చి రంగు మారగానే మార్చండి. నెలకోసారి కీ ఇచ్చి, స్టాప్‌వాచ్‌ను ఒక నిమిషం నడిపి, ఆపి, జీరో చేయండి. ముల్లు ఎక్కడ ఆగిందో తేదీ వేసి రాసుకోండి.